దైవభక్తి ఉంటే దయ ఎక్కువ ఉంటుందా? పరిశోధనలు నిజంగా చెప్పేదేమిటి

2015 నవంబరులో ఒక పరిశోధన ఫలితం ప్రపంచమంతటా పత్రికల్లో వచ్చింది. అమెరికా, కెనడా, చైనా, జోర్డాన్, టర్కీ, దక్షిణాఫ్రికాల్లో 1,170 మంది పిల్లలకు స్టిక్కర్లు ఇచ్చి, అవి దొరకని మరో పిల్లవాడి కోసం ఎన్ని వదులుకుంటారో చూశారు. మతం పాటించే ఇళ్ల పిల్లలు తక్కువ ఇచ్చారని ప్రకటించారు. దేవుణ్ణి నమ్మనివాళ్లలో చాలామంది దాన్ని రుజువుగా పట్టుకున్నారు. నమ్మేవాళ్లు నొచ్చుకున్నారు.

తర్వాత అజీమ్ షరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అదే డేటా తీసుకుని మళ్లీ లెక్క వేశారు. ఆరు దేశాలకూ గుర్తుగా 1, 2, 3 అని అంకెలు వేసుకున్నారు కదా, మొదటి లెక్కలో ఆ అంకెలు గుర్తులుగా కాకుండా కొలతలుగా వెళ్లిపోయాయి. అంటే 4వ నంబరు దేశం 2వ నంబరు దేశానికి రెట్టింపు అన్నట్టు. అది సరిచేసి చూస్తే, పిల్లల మధ్య తేడాకు ప్రధాన కారణం వాళ్ల మతం కాదు, వాళ్ల దేశం అని తేలింది. 2019లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు. మొదటి వార్త వెళ్లినంత దూరం ఈ దిద్దుబాటు వెళ్లలేదు. ఆ పాత ఫలితాన్ని ఇప్పటికీ వాదనల్లో వాడుతూనే ఉన్నారు.

రెండో వైపూ ఇదే తొందర ఉంది. మతం ఉన్నవాళ్లే ఎక్కువ దానధర్మాలు చేస్తారన్న సర్వే ఒకటి చూపించి, నమ్మకం లేనివాళ్లకు మనసే లేదన్నట్టు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటలూ పక్కింటి మనిషి గురించి మన అభిప్రాయాన్ని మార్చేస్తాయి. అందుకే ఈ విషయాన్ని ఓపిగ్గా విప్పి చూడాలనిపిస్తుంది.

ఒకే ప్రశ్నలో దాగిన చాలా ప్రశ్నలు

"మతం ఉన్న మనిషి" అంటే ఎవరు? మతంలో కనీసం మూడు వేర్వేరు సంగతులున్నాయి. దేవుడు ఉన్నాడని, పాపపుణ్యాలకు లెక్క ఉందని మనసులో ఉండే నమ్మకం ఒకటి. ప్రార్థన, ఉపవాసం, పూజ లాంటి ఆచరణ ఇంకొకటి. పదేపదే కలిసి కూర్చునే మనుషులు, వాళ్లతో ఏర్పడే బంధం మూడోది. ఇవి ఒకే మనిషిలో సమపాళ్లలో ఉండాలని ఏమీ లేదు. గాఢంగా నమ్ముతూ ఒంటరిగా ప్రార్థన చేసుకునే మనిషినీ, నమ్మకం అంతంతమాత్రంగా ఉన్నా ఏ కూడికనూ వదలని మనిషినీ సర్వేలు ఒకే గడిలో వేస్తాయి.

దయ సంగతీ అంతే. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒకావిడ తన ప్రార్థనా మందిరానికి వచ్చేవాళ్లలో ఎవరికి జబ్బు చేసినా ఆ ఇంటికి భోజనం పంపుతుంది, పిల్లల్ని చూసుకుంటుంది, రాత్రి ఆసుపత్రిలో తోడుంటుంది. కానీ పక్క వాటాలో ఉన్న వేరే మతం కుటుంబంతో ఏళ్ల తరబడి పలకరింపు లేదు. ఇంకొకాయనకు ఏ మతమూ లేదు. క్రమం తప్పకుండా రక్తం ఇస్తాడు, ఎక్కడో వరదలు వస్తే డబ్బు పంపుతాడు. తన మెట్లమీద రోజూ ఎదురయ్యే ముసలాయన పేరు మాత్రం తెలియదు. వీళ్లిద్దరిలో దయగల మనిషి ఎవరు? "గత నెలలో తెలిసినవాళ్లకు సాయం చేశారా" అని అడిగితే ఆవిడ ముందుంటుంది. "పరిచయం లేనివాళ్లకు ఏమైనా చేశారా" అని అడిగితే ఆయన ముందుంటాడు. ప్రశ్న ఎలా అడిగారన్నదాన్ని బట్టే విజేత మారిపోతున్నాడు. మొత్తం చర్చలో గందరగోళం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

అడిగితే వచ్చే జవాబు, చూస్తే కనిపించే పని

మతం పాటించేవాళ్లను సర్వేల్లో అడిగితే తాము ఎక్కువ సాయం చేస్తామని చెబుతారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని దీనర్థం కాదు. మంచివాడిగా ఉండటం తన గుర్తింపులో భాగమైన మనిషికి చేసిన మంచి బాగా గుర్తుంటుంది. ల్యూక్ గేలెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2012లో ఈ రంగంలోని పరిశోధనలన్నీ సమీక్షించి ఇదే ఎత్తిచూపారు. సొంత మాట మీద ఆధారపడిన అధ్యయనాల్లో కనిపించే తేడా, పనిని నేరుగా కొలిచినప్పుడు బాగా తగ్గిపోతోంది.

మనం ఇతరులను చూసే చూపులోనూ ఒక వంపు ఉంది. 2017లో 13 దేశాల్లో జరిగిన ఒక అధ్యయనంలో ఘోరమైన హత్యలు చేసిన మనిషి వర్ణన ఇచ్చి, అతను ఎలాంటివాడై ఉంటాడో ఊహించమన్నారు. చాలా దేశాల్లో జనం అతను నాస్తికుడై ఉంటాడనే వైపు మొగ్గారు. స్వయంగా నాస్తికులైనవాళ్లు కూడా. అంటే "మతం ఉంటే మంచి" అన్న భావన, మతం లేనివాళ్ల మనసుల్లోనూ పాతుకుని ఉంది.

మరి రోజువారీ జీవితంలో ఏం జరుగుతోంది? 2014లో విల్‌హెల్మ్ హాఫ్‌మన్ బృందం అమెరికా, కెనడాల్లో 1,252 మంది ఫోన్లకు మూడు రోజులపాటు, రోజుకు ఐదుసార్లు మెసేజ్ పంపింది. గడిచిన గంటలో మీరు మంచి పని గానీ చెడ్డ పని గానీ చేశారా, చూశారా, విన్నారా అని అడిగింది. చేసిన మంచి పనుల లెక్కలో మతం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెడ్డ పనుల లెక్కలోనూ రాలేదు. ఇదీ సొంత మాటే, కానీ ఏడాది మొత్తాన్ని గుర్తుచేసుకుని చెప్పే మాట కాదు, గంట వెనకటి సంగతి. ఈ వాదనలో ఒక్క అధ్యయనమే చెప్పమంటే నేను దీన్నే ముందు చెబుతాను.

సెమినరీ విద్యార్థులు, తలుపు దగ్గర మూలుగుతున్న మనిషి

1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ పాతబడలేదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థులను ఒక గదిలోకి పిలిచారు. పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయాలన్నారు. కొందరికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని పూజారి చూసి తప్పుకుపోతాడు, గుడి సేవ చేసే లేవీయుడూ తప్పుకుపోతాడు. చివరికి పరాయి తెగవాడైన సమరయుడు ఆగి సాయం చేస్తాడు. మిగతా విద్యార్థులకు ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు.

బయల్దేరే ముందు కొందరితో "ఇప్పటికే ఆలస్యమైంది, వాళ్లు ఎదురుచూస్తున్నారు" అన్నారు. కొందరితో సమయానికి సరిపోతారని చెప్పారు. ఇంకొందరితో నింపాదిగా వెళ్లవచ్చన్నారు. దారిలో ఒక తలుపు దగ్గర ఒక మనిషి తల వాల్చి, కళ్లు మూసుకుని కూలబడి ఉన్నాడు. వీళ్లు దగ్గరికి రాగానే దగ్గాడు, మూలిగాడు. ఆ మనిషిని పరిశోధకులే అక్కడ ఉంచారు.

తొందర లేనివాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక రకంగా సాయానికి ప్రయత్నించారు. కొంచెం తొందరలో ఉన్నవాళ్లలో 45 శాతం. ఆలస్యమైందని టెన్షన్‌గా నడుస్తున్నవాళ్లలో 10 శాతమే. మంచి సమరయుడి కథే చెప్పడానికి వెళ్తున్నవాళ్లలో కొందరు ఆ మనిషిని అక్షరాలా దాటుకుంటూ వెళ్లిపోయారు. ప్రసంగం అంశం వల్ల గణాంకపరంగా నిలిచే తేడా రాలేదు. ఎవరు ఆగుతారన్నది ఆ విద్యార్థుల మతభావన ఎలాంటిదన్నదాన్ని బట్టి చెప్పడమూ కుదరలేదు.

దీన్ని "భక్తులు కపటులు" అనడానికి వాడటం అన్యాయం. నమ్మకం లేనివాళ్లతో పోల్చిన ప్రయోగం కాదిది. అందరూ ఒకే సెమినరీ వాళ్లు. ఇది చెప్పేదల్లా మనసులో ఎంత మంచి భావన ఉన్నా, ఆ నిమిషంలో ఉన్న ఒత్తిడి దాన్ని మింగేయగలదని. తమకోసం ఎదురుచూస్తున్న మనిషి పట్ల బాధ్యతా, దారిలో పడి ఉన్న మనిషి పట్ల బాధ్యతా ఢీకొన్నాయని పరిశోధకులే రాశారు.

ఎవరో చూస్తున్నారన్న ఎరుక

నమ్మకం దయను పెంచే దారి ఒకటి ఉండవచ్చని గట్టిగా వాదించేవాళ్లు చెప్పే కారణం ఇది: దేవుడు చూస్తున్నాడనుకునే మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తప్పు చేయడానికి జంకుతాడు. 2007లో అజీమ్ షరీఫ్, అరా నొరెంజయాన్ దీన్ని పరీక్షించారు. ఒకరికి పది డాలర్లు ఇచ్చి, ముక్కూమొహం తెలియని మనిషికి ఎంత ఇస్తారో మీ ఇష్టం అన్నారు. దానికి ముందు కొందరి చేత దేవుడు, దైవత్వం, ప్రవక్త లాంటి మాటలున్న వాక్యాలు సరిచేయించారు. మామూలు వాక్యాలు సరిచేసినవాళ్లు సగటున 1.84 డాలర్లు ఇచ్చారు. దైవ సంబంధమైన మాటలు చూసినవాళ్లు 4.22 ఇచ్చారు.

ఇక్కడితో ఆపేసి చెప్పేవాళ్లు చాలామంది. అదే వ్యాసంలో రెండో ప్రయోగం ఉంది. కోర్టు, పోలీసు, ఒప్పందం లాంటి మాటలు చూపించినా దాదాపు అంతే ఇచ్చారు. జవాబు చెప్పుకోవాల్సి వస్తుందన్న ఎరుక కావాలి, అది దేవుడి నుంచే రావాలని లేదన్నమాట. పైగా తర్వాత ఎక్కువ మందితో మళ్లీ చేసిన ప్రయోగాల్లో ఆ తేడా కనిపించలేదు. 2016లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసిన షరీఫ్ బృందం, ఆ మాటల ప్రభావం నమ్మకం ఉన్నవాళ్ల మీదే ఉంటుందనీ, లేనివాళ్ల మీద నికరంగా కనిపించదనీ చెప్పింది. వాదం ఇంకా నడుస్తోంది.

ప్రయోగశాల బయట కూడా ఈ గుర్తుచేయడం అన్నది పనిచేస్తున్నట్టుంది. దీపక్ మల్హోత్రా 2010లో ఇంటర్నెట్ వేలంపాటలను పరిశీలించారు. ధర్మకార్యం కోసం ఇంకొంచెం పాడండి అన్న విజ్ఞప్తికి, మతం పాటించేవాళ్లు ఆదివారం నాడు మిగతావాళ్లకంటే ఎక్కువగా స్పందించారు. మిగతా రోజుల్లో ఇద్దరూ ఒకటే. మొరాకోలోని మరాకేష్ దుకాణదారులతో చేసిన ప్రయోగంలోనూ మసీదు నుంచి ప్రార్థనకు పిలిచే అజాన్ వినిపిస్తున్నప్పుడు దానానికి ఒప్పుకున్నవాళ్లు పెరిగారు. మనిషి అదే, నమ్మకం అదే. గుర్తొచ్చిన వేళ మాత్రం వేరు.

కూడికలో ఉన్న బలం, దాని రెండో ముఖం

రాబర్ట్ పుట్నమ్, డేవిడ్ క్యాంప్‌బెల్ అమెరికాలో 2006 నుంచి పెద్ద సర్వేలు చేశారు. క్రమం తప్పకుండా ప్రార్థనలకు వెళ్లేవాళ్లు మత సంస్థలకే కాదు, ఇతర మంచి పనులకు కూడా ఎక్కువ డబ్బూ సమయమూ ఇస్తున్నారు. ఇది మతం పక్షాన ఉన్న గట్టి ఆధారం, తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఎందువల్ల అని తవ్వి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దేవుడి మీద ఎంత నమ్మకం, పరలోకం మీద ఎంత నమ్మకం అన్నవి లెక్కలో దాదాపు పనిచేయలేదు. ఆ ప్రార్థనా సమూహంలో ఎంతమంది దగ్గరి స్నేహితులున్నారన్నది పనిచేసింది. స్నేహితులు లేకుండా ఒంటరిగా కూర్చుని వచ్చే పరమ విశ్వాసికంటే, నమ్మకం పలచగా ఉన్నా అక్కడ స్నేహాలున్న మనిషే ఎక్కువ సాయం చేస్తున్నాడు.

ఎందుకలా? సాయం చాలావరకు ఎవరో అడగడంతో మొదలవుతుంది. "రేపు ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నువ్వు రాగలవా" అని ముఖం చూసి అడిగితే కాదనడం కష్టం. వారం వారం కలిసేవాళ్ల మధ్య ఎవరికి ఏం కష్టమొచ్చిందో వెంటనే తెలిసిపోతుంది. గడప దాటని మనిషికి మనసున్నా, కబురే అందదు.

అదే కూడికకు రెండో ముఖం ఉంది. జెరెమీ గింజెస్, సహచరులు 2009లో పాలస్తీనియన్ల మీద ప్రచురించిన అధ్యయనంలో, అవతలి పక్షంపై ఆత్మాహుతి దాడులకు మద్దతు అన్నది ఎంత తరచుగా ప్రార్థన చేస్తారన్నదానితో ముడిపడలేదు. ఎంత తరచుగా మసీదుకు వెళ్తారన్నదానితో ముడిపడింది. ఇతర మతాల వాళ్లతో చేసిన సర్వేల్లోనూ ఇదే తీరు కనిపించిందని వాళ్లు చూపించారు. భక్తి తనంతట తాను ద్వేషాన్ని పెంచడం లేదని దీని అర్థం. ఒకరి కోసం ఒకరు నిలబడే గుణం, తగాదా ఉన్నచోట అవతలివాళ్ల మీదికి తిరగగలదని కూడా అర్థం.

దూరపు సాటివిశ్వాసి దాకా

దయ వలయం ఎంత దూరం వెళ్తుందో కొలవడానికి బెంజమిన్ పుర్జికీ బృందం ఒక ఆట వాడింది. 2016లో వచ్చిన ఈ అధ్యయనంలో ఫిజీ, వనువాటు, బ్రెజిల్, మారిషస్, సైబీరియా, టాంజానియాల్లోని ఎనిమిది సమాజాల నుంచి 591 మంది ఉన్నారు.

ఆట ఇలా ఉంటుంది. మీ ముందు 30 నాణేలు, రెండు గిన్నెలు. ఒక గిన్నెలో పడేది మీది, రెండోది ఎక్కడో దూరాన ఉన్న, మీ మతానికే చెందిన అపరిచితుడిది. ప్రతి నాణేనికీ ముందు ఒక గిన్నెను మనసులో అనుకోవాలి. తర్వాత రెండు రంగుల పాచిక వేయాలి. ఒక రంగు పడితే అనుకున్న గిన్నెలో, రెండో రంగు పడితే మరో గిన్నెలో వేయాలి. ఏది అనుకున్నారో ఎవరికీ తెలియదు కాబట్టి మోసాన్ని పట్టుకునే దారి లేదు. నిజాయితీగా ఆడితే సగటున చెరి 15 పడాలి. మీ గిన్నెలో 19 పడితే అదృష్టం కావచ్చు. వందలమంది గిన్నెల్లో అలాగే పడుతుంటే అది అదృష్టం కాదు.

తమ దేవుడికి మనుషుల మనసులో ఉన్నది తెలుసనీ, తప్పుకు శిక్షిస్తాడనీ నమ్మినవాళ్లు దూరపు అపరిచితుడి గిన్నెలో ఎక్కువ నాణేలు వేశారు. తేడా చిన్నదే, కానీ కనిపించింది. దేవుడు మంచికి ప్రతిఫలం ఇస్తాడన్న నమ్మకంతో ఆ తేడా రాలేదు. ఊరి పొలిమేర దాటి నిజాయితీని తీసుకెళ్లడంలో ఇలాంటి నమ్మకాలకు పాత్ర ఉందని వాళ్ల వాదన. అయితే ఆ అపరిచితుడు కూడా సొంత మతంవాడేనన్నది మరిచిపోకూడదు. వేరే మతంవాడి దాకా వలయం సాగుతుందని ఈ ఆట చెప్పలేదు.

దేశాల పోలిక ఎందుకు పనికిరాదు

డెన్మార్క్, స్వీడన్లలో మతానికి ప్రాముఖ్యం తక్కువ, సాటి మనుషుల మీద నమ్మకం చాలా ఎక్కువ. అపరిచితులకు సాయం, దానం, స్వచ్ఛంద సేవ లెక్కించే ప్రపంచ దాన సూచీలో మయన్మార్, ఇండొనేషియా పలుసార్లు మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ మతం బలంగా ఉన్న దేశాలు. ఎవరికి కావాల్సిన ఉదాహరణ వాళ్లకు దొరుకుతుంది. పన్నుల ద్వారా ప్రభుత్వమే వృద్ధులనూ జబ్బుపడ్డవాళ్లనూ చూసుకునే దేశంలో దయ జేబులోంచి కాక చట్టంలోంచి వెళ్తుంది. సూచీలు దాన్ని దానంగా లెక్కించవు.

"సమూహం చాలు, మతం అక్కర్లేదు" అనవచ్చా?

ఇంతవరకు చదివితే, ఏ క్లబ్బులో చేరినా సరిపోతుంది కదా అనిపించవచ్చు. అంత సులువుగా తేలదు. రిచర్డ్ సోసిస్, బ్రాడ్లీ రఫిల్ ఇజ్రాయెల్‌లోని కిబ్బుట్జ్‌లలో, అంటే ఉమ్మడి ఆస్తితో బతికే పల్లెల్లో, ఒక ప్రయోగం చేశారు. మత ఆధారిత కిబ్బుట్జ్‌లున్నాయి, మతంతో పనిలేనివీ ఉన్నాయి. రెండూ సమూహాలే. ఒకే పల్లెకు చెందిన ఇద్దరికి, ఒకరికొకరు తెలియకుండా, ఆ దేశపు డబ్బులో 100 షెకెల్‌ల ఉమ్మడి సొమ్ము ఇచ్చారు. ఎవరెంత తీసుకుంటారో విడివిడిగా చెప్పాలి. మొత్తం 100 దాటితే ఇద్దరికీ సున్నా. ఒకరు 30, ఇంకొకరు 40 తీసుకుంటే మిగిలిన 30ని ఒకటిన్నర రెట్లు చేసి, ఆ 45ను చెరిసగం పంచుతారు. అవతలివాడి మీద నమ్మకం ఉంటేనే తక్కువ తీసుకోబుద్ధవుతుంది.

మత కిబ్బుట్జ్‌లలోని మగవాళ్లు, ముఖ్యంగా రోజూ కలిసి ప్రార్థన చేసేవాళ్లు, అందరికంటే తక్కువ తీసుకున్నారు. ఆ సంప్రదాయంలో రోజువారీ సామూహిక ప్రార్థన మగవాళ్లకే విధి, ఆడవాళ్లకు కాదు. ఆ ఆడవాళ్లలో ఈ అదనపు సహకారం కనిపించలేదు. దేవుడి మీద నమ్మకం ఇద్దరికీ ఒకటే కాబట్టి, తేడా తెచ్చింది కలిసి చేసే ఆచరణే అనుకోవాలి. 19వ శతాబ్దపు అమెరికన్ కమ్యూన్లమీద, అంటే అన్నీ ఉమ్మడిగా పంచుకుని బతికిన సమూహాలమీద, సోసిస్ చేసిన మరో అధ్యయనమూ ఇటే చూపిస్తుంది. సభ్యుల నుంచి కఠిన నియమాలు, త్యాగాలు కోరిన మత కమ్యూన్లు ఎక్కువ కాలం నిలిచాయి. మతేతర కమ్యూన్లలో అలాంటి నియమాలు పెట్టినా ఆయుష్షు పెరగలేదు. దేవుడి పేరుమీద వదులుకున్నదాన్ని మనిషి లాభనష్టాల త్రాసులో వేయడు, నియమం కోసం వదులుకున్నదాన్ని ఏదో ఒకరోజు వేస్తాడు. సోసిస్ వివరణ సారం ఇదే, నాకూ ఇది నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

కారణం ఏది, ఫలితం ఏది?

ఇప్పటిదాకా వచ్చిన సర్వేలన్నిటి వెనకా ఒక అనుమానం ఉంది. మనుషులతో కలిసిపోయే గుణం ముందే ఉన్నవాళ్లే కూడికలకు వెళ్తుంటే? అప్పుడు మతం వాళ్లను మార్చినట్టు కాదు, అలాంటివాళ్లే అక్కడికి చేరినట్టు. తేల్చాలంటే చీటీ తీసి కొందరిని మతంలోకి పంపాలి. అది కుదిరే పని కాదు. కానీ కొన్నిసార్లు జీవితమే చీటీ తీస్తుంది.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఆదివారం దుకాణాలు మూసి ఉంచాలన్న చట్టాలను ఎత్తేశాయి. జొనాథన్ గ్రూబర్, డేనియల్ హంగర్‌మన్ చూపించినట్టు, ఆ తర్వాత చర్చికి వెళ్లడం తగ్గింది, చర్చికిచ్చే విరాళాలూ తగ్గాయి. మతేతర సంస్థలకిచ్చే డబ్బు మాత్రం అలా పడిపోలేదు.

ఇంకా గట్టి ఉదాహరణ పాకిస్తాన్‌ది. అక్కడ హజ్ యాత్రకు దరఖాస్తు చేసినవాళ్లలో వీసా ఎవరికన్నది అప్పట్లో ప్రభుత్వం లాటరీ తీసి నిర్ణయించేది. 2006 యాత్రకు దరఖాస్తు పెట్టినవాళ్లలో, లాటరీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ డేవిడ్ క్లింగింగ్‌స్మిత్, అసీమ్ ఖ్వాజా, మైకేల్ క్రేమర్ పోల్చారు. 1,600 మందికి పైగా ఉన్న ఈ రెండు గుంపుల్లోనూ అందరూ వెళ్లాలని కోరుకున్నవాళ్లే. తేడా అదృష్టంలో ఉంది, గుణంలో లేదు.

వెళ్లొచ్చినవాళ్లలో నమాజు, ఉపవాసం లాంటి ఆచరణ పెరిగింది. వేరే జాతుల వాళ్లూ, ఇతర ఇస్లాం శాఖల వాళ్లూ తమతో సమానమన్న భావన పెరిగింది. ఆడపిల్లల చదువు, ఆడవాళ్ల ఉద్యోగాల పట్ల సుముఖత పెరిగింది. వేరే మతాల వాళ్లతో సామరస్యం సాధ్యమన్న నమ్మకం కూడా పెరిగింది, ముస్లిమేతరుల మీద వ్యతిరేకత పెరిగిన ఆనవాళ్లు లేవు. మతం గురించి కొత్తగా తెలుసుకున్న పాఠాల వల్ల ఈ మార్పు రాలేదని పరిశోధకులు గమనించారు. ఎన్నో దేశాల నుంచి వచ్చిన మనుషుల పక్కన నిలబడి అదే ప్రార్థన చేయడమే కారణమని వాళ్ల అంచనా. గింజెస్ అధ్యయనంలోనూ మనుషులు కలిసే ప్రార్థన చేశారు, ఇక్కడా కలిసే చేశారు. అక్కడ పక్కన నిలబడ్డవాళ్లు తగాదాలో ఒకే వైపు ఉన్నవాళ్లు. ఇక్కడ నిలబడ్డవాళ్లు అంతకుముందు ఎప్పుడూ కలవనివాళ్లు.